థీమ్ డైరెక్టరీ గుంపులో మంచి డిజైన్ కంటబడాలంటే: అపోహలు - వాస్తవాలు

వర్డ్‌ప్రెస్ సైటుకి రూపం ఇచ్చేది థీమ్. అలాంటి థీములు దొరికే వర్డ్‌ప్రెస్.ఆర్గ్ థీమ్ డైరెక్టరీలోకి ఎవరైనా తమ థీమ్ పంపొచ్చు. వేలల్లో ఉన్నాయి. శ్రద్ధగా చేసిన డిజైన్, ఇంకోదానికి రంగులు మార్చి వదిలిన డిజైన్ పక్కపక్కనే కూర్చుంటాయి. చూసేవాళ్లలో చాలామంది ఇన్‌స్టాల్ దాకా రారు. బొమ్మ (స్క్రీన్‌షాట్) చూస్తారు, నచ్చితే ప్రివ్యూ నొక్కుతారు, అంతే. మంచి డిజైన్ నెగ్గాల్సింది ఆ రెండు చోట్లే.

అపోహ: రివ్యూ దాటిందంటే డిజైన్ బాగున్నట్టే.

థీమ్‌ని డైరెక్టరీలోకి తీసుకునే ముందు చేసే రివ్యూలో చూసేది లైసెన్సు, భద్రత, నియమాలు. అందం, అమరిక రివ్యూ చేసేవాళ్ల చెక్‌లిస్టులో ఉండవు. నియమాలు పాటించిందో లేదో చూసే థీమ్ చెక్ ప్లగిన్‌లో ఒక్క ఎర్రర్ కూడా రాని థీమ్ చూడటానికి ఘోరంగా ఉండొచ్చు.

అపోహ: స్క్రీన్‌షాట్‌లో ఎంత ఎక్కువ చూపిస్తే అంత మంచిది.

స్క్రీన్‌షాట్ 1200×900 పిక్సెల్స్‌లో ఇస్తాం. జాబితాలో అది 400 పిక్సెల్స్ వెడల్పుకి కుదించుకుపోయిందనుకోండి, 16 పిక్సెల్స్ అక్షరం 5 పిక్సెల్స్ చిల్లర అవుతుంది. ఎవరూ చదవలేరు. ఒక పెద్ద హెడ్డింగ్, ఒక ఫొటో, చుట్టూ ఖాళీ జాగా చాలు. అప్‌లోడ్ చేసే ముందు బొమ్మను మూడో వంతుకి తగ్గించి చూడండి, థీమ్ స్వభావం అప్పుడు కూడా తెలియాలి. ల్యాప్‌టాప్ ఫ్రేములో పెట్టిన మాకప్, లోగో పనికిరావు, థీమ్ నిజంగా ఎలా కనిపిస్తుందో అదే ఉండాలి. ఫొటోల లైసెన్సు కూడా జీపీఎల్‌కి (వర్డ్‌ప్రెస్ వాడే ఓపెన్ సోర్స్ లైసెన్సుకి) సరిపడాలి. అన్‌స్ప్లాష్ సైటు ఫొటో పెట్టి థీమ్ తిప్పి పంపించుకోకండి, హక్కులన్నీ వదిలేసిన సీసీ0 ఫొటోలు వాడండి.

అపోహ: మా డెమో సైట్ అద్భుతంగా ఉంది, అది చాలు.

డైరెక్టరీలో ప్రివ్యూ నొక్కితే వచ్చేది మీ డెమో కాదు, డైరెక్టరీ వాళ్ల సొంత కంటెంట్. ఏరికోరి పెట్టిన ఫొటోలు తీసేశాక ఏం మిగులుతుందో అదే మీ డిజైన్. అందుకే వర్డ్‌ప్రెస్ ఇచ్చే థీమ్ టెస్ట్ డేటా ఫైలును టూల్స్‌లో ఇంపోర్ట్ చేసి ప్రతి పోస్టూ తెరవండి. లోపాలు అప్పుడు కనిపిస్తాయి: శీర్షిక లేని పోస్టుకి లోపలికెళ్లే లింకే ఉండదు. వెడల్పు టేబుల్ 360 పిక్సెల్స్ ఫోన్లో పేజీని పక్కకి లాగేస్తుంది. కామెంట్‌కి జవాబు, దానికింకో జవాబు వస్తూ పోతే అక్షరాలు నిలువు వరుసలో పడతాయి. డెమోలో ఇవేవీ బయటపడవు. బ్లాక్ థీమ్ (పేజీ మొత్తం బ్లాకులతో కట్టేది) అయితే స్టైల్ వేరియేషన్లు, అంటే అదే థీమ్‌కి వేరే రంగులు, ఫాంట్ల సెట్లు కూడా చేసి పెట్టండి. రెండు మూడు నిజంగా తేడా ఉన్నవి చాలు.

అపోహ: లేత బూడిద రంగు అక్షరాలుంటేనే మోడర్న్ లుక్.

తెలుపు మీద #999 అనే బూడిద రంగు కాంట్రాస్ట్ (అక్షరానికి, వెనక రంగుకి ఉన్న తేడా) 2.85:1 మాత్రమే. మామూలు సైజు అక్షరానికి కనీసం 4.5:1 కావాలి. #767676 దగ్గర అది సరిగ్గా గట్టెక్కుతుంది.

అపోహ: తెలుగు ఫాంటు పెడితే తెలుగుకి సరిపోయే థీమ్ అయిపోయినట్టే.

తెలుగు సైట్లు నడిపేవాళ్లని ఎక్కువగా విసిగించేది ఇదే. ఇంగ్లిష్ హెడ్డింగులకి పెట్టే లైన్ హైట్ (వరుస ఎత్తు) 1.2 దగ్గర తెలుగు ఇరుక్కుపోతుంది. పై వరుసలో 'రాష్ట్ర' ఒత్తులు కిందికి దిగి, కింది వరుసలో 'కీ' గుడి దీర్ఘాన్ని తాకుతాయి. హద్దు దాటినదాన్ని దాచేసే ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టిన కార్డులో చివరి వరుస ఒత్తులు సగానికి తెగిపోతాయి. హెడ్డింగులకి 1.4కి తగ్గకుండా, మ్యాటర్‌కి 1.6 నుంచి 1.8 ఇవ్వండి. లెటర్ స్పేసింగ్ సున్నాలో ఉంచండి, మైనస్‌లో పెడితే అక్షరాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి.

బోల్డ్ సంగతి వేరు. మండలి లాంటి ఫాంటులో ఒకటే వెయిట్ ఉంటుంది కాబట్టి బ్రౌజరే దొంగ బోల్డ్ తయారుచేస్తుంది, 'ఠ', 'థ'ల్లో లోపలి చుక్క పూడుకుపోతుంది. నోటో సాన్స్ తెలుగులో అసలైన బోల్డ్ ఉంది. ఫాంటు ఫైలును థీమ్‌లోనే పెట్టి, యూనికోడ్ రేంజ్ 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ అని రాస్తే, పేజీలో తెలుగు ఉన్నప్పుడే అది డౌన్‌లోడ్ అవుతుంది.

జాబితాలో పోస్టు నుంచి చూపించే చిన్న ముక్క, అంటే ఎక్సర్ప్ట్‌కి డిఫాల్ట్ 55 పదాలు. మన పదాలు పొడుగు, కార్డు పొంగిపోతుంది. 25, 30 దగ్గర ఆపితే చాలు.

అపోహ: ట్యాగులు కుక్కితే సెర్చ్‌లో పైకొస్తాం.

సబ్జెక్ట్ ట్యాగులు (థీమ్ ఎలాంటి సైటుకో చెప్పేవి) 3 దాటకూడదు. ఫీచర్ ట్యాగులు (థీమ్‌లో ఏమేం ఉన్నాయో చెప్పేవి) కూడా డైరెక్టరీ జాబితాలోవే వాడాలి. యాక్సెసిబిలిటీ రెడీ (వైకల్యం ఉన్నవాళ్లూ వాడగలిగేది) అని రాస్తే దానికి విడిగా పరీక్ష ఉంటుంది. ఫొటోగ్రఫీ థీమ్‌కి ఈ-కామర్స్ ట్యాగ్ తగిలిస్తే, షాపు కోసం వచ్చినవాళ్లు ఒక స్టార్ ఇచ్చి పోతారు.

అపోహ: స్నేహితులతో ఫైవ్ స్టార్లు వేయిస్తే గట్టెక్కుతాం.

అది నియమాలకి విరుద్ధం, పైగా చూడగానే తెలిసిపోతుంది. సపోర్ట్ ప్రశ్నలకి జవాబిచ్చి, సమస్య తీరాక రివ్యూ అడగండి. రెండేళ్లు దాటినా అప్‌డేట్ చేయకపోతే థీమ్ పేజీ మీద హెచ్చరిక పడుతుంది. అది చూశాక ఎంత మంచి డిజైన్‌నైనా జనం దాటేస్తారు. కొత్త వర్డ్‌ప్రెస్ వెర్షన్ వచ్చినప్పుడల్లా టెస్ట్ చేసి, థీమ్‌తో ఇచ్చే రీడ్‌మీ ఫైలులో టెస్టెడ్ అప్ టు (ఏ వెర్షన్ దాకా పరీక్షించారో చెప్పే) నంబర్ మార్చి, థీమ్ వెర్షన్ పెంచి పంపండి.