ఎదురు తిరుగుడును రద్దు చేసే నాలుగు ప్యాచ్‌లు

డీటీహెచ్ డిష్ బిగించే కుర్రాడు ఎల్‌ఎన్‌బీని (డిష్ ముందుండే రిసీవర్ బుడిపెను) కాస్త అటూ ఇటూ తిప్పితే గానీ సిగ్నల్ కుదరదు. జీపీఎస్‌కి మాత్రం ఫోన్‌ను బల్ల మీద పెట్టి ఎటు తిప్పినా ఫరవాలేదు. ఎందుకని అడిగారు ఒక పాఠకుడు.

డిష్‌కి వచ్చే తరంగంలో విద్యుత్ క్షేత్రమనే బాణం ఒకే గీత మీద ఊగుతుంది. జీపీఎస్, మన నావిక్ ఉపగ్రహాలు పంపే తరంగంలో అది కుడివాటంగా గిరగిరా తిరుగుతూ వస్తుంది. ఆ బాణం కదిలే తీరే ధ్రువణం, ఇలా గుండ్రంగా తిరిగితే వృత్తాకార ధ్రువణం. తిరిగే బాణానికి నిలువేమిటి, అడ్డమేమిటి? ఫోన్‌లోని మామూలు యాంటెన్నా సగం శక్తిని వదులుకుంటుంది కానీ, ఎటు తిప్పినా ఆ సగం దక్కుతుంది. దారిలో అయనోస్ఫియర్ (పై వాతావరణంలోని విద్యుదావేశ పొర) ధ్రువణాన్ని మెలిపెట్టినా బాధ లేదు. మెలి అంటే జగదీశ్ చంద్ర బోస్ తలపుకొస్తారు. 1890లలోనే కలకత్తాలో మైక్రోవేవ్‌ల దారిలో మెలితిప్పిన జనపనార కట్టలు ఉంచి, ధ్రువణ తలం తిరగడాన్ని చూపించిన మనిషి!

ఇలా తిరిగే తరంగాన్ని పుట్టించడం తేలికే. సర్క్యూట్ బోర్డు మీద యాంటెన్నాగా పనిచేసే చదరపు రాగి రేకుకి, అంటే ప్యాచ్‌కి, ఎదురెదురు మూలలు కాస్త కత్తిరిస్తే చాలు. చిక్కల్లా బ్యాండ్‌విడ్త్‌తోనే, అంటే అది పనిచేసే ఫ్రీక్వెన్సీల వెడల్పుతోనే. సన్నటి బోర్డు మీద ఆ గుండ్రని తిరుగుడు ఒకటి రెండు శాతం ఫ్రీక్వెన్సీ మేరకే నిలుస్తుంది. అది దాటితే వృత్తం దీర్ఘవృత్తమవుతుంది, అంటే కావలసిన కుడి తిరుగుడులో అక్కర్లేని ఎడమ తిరుగుడు కలుస్తుంది. ఈ కల్తీకి కొలత యాక్సియల్ రేషియో (ఎంత తక్కువైతే అంత మేలు), మామూలు హద్దు 3 డెసిబెల్స్.

1985లో జపాన్‌లో తెషిరోగి బృందం, 1986లో అమెరికాలో జాన్ హువాంగ్ ఈ చిక్కుకి చూపించిన ఉపాయం నన్ను ఇప్పటికీ ముగ్ధుణ్ణి చేస్తుంది. నాలుగు ప్యాచ్‌లను ఒక్కోదాన్ని 90 డిగ్రీల చొప్పున తిప్పి అమర్చి, ఫీడ్‌లో (ప్యాచ్‌లకు సిగ్నల్ చేర్చే తీగల్లో) కూడా 0, 90, 180, 270 డిగ్రీల ఆలస్యం ఇస్తారు.

కోలాటం జట్టులో నలుగురిని నాలుగు దిక్కులకూ ముఖం పెట్టి నిలబెట్టండి. ప్రతివారూ తమ ముఖం ఎటుంటే అటు మొదలుపెట్టి కోలను కుడివాటంగా తిప్పాలి. కానీ ఒక్కొక్కరూ ముందువారి కంటే పావు చుట్టు ఆలస్యంగా మొదలుపెట్టాలి. రెండో మనిషి ముఖం 90 డిగ్రీలు ముందుంది, మొదలు 90 డిగ్రీలు వెనకుంది. రెండూ కొట్టుకుపోయి నాలుగు కోలలూ ఎప్పుడూ ఒకే దిక్కు చూస్తాయి. ఇప్పుడు అదే నలుగురిని ఎడమవాటంగా తిప్పమనండి. ముఖం తేడా, ఆలస్యం కొట్టుకుపోవు, కలిసి 180 అవుతాయి. పక్కపక్క కోలలు ఎదురెదురై మొత్తం సున్నా!

ఫీడ్ తీగల పొడవు ఒకే ఫ్రీక్వెన్సీకి కొలిచి కోసింది కదా, అది మారితే? 10 శాతం పైకి వెళ్తే 90 కాస్తా 99 అవుతుంది. ఒక్కో ప్యాచ్ బాణం అసలు తిరగదు, గీత మీద ఊగుతుందంతే అనుకుందాం. ఊగే బాణమంటే కుడి సగం, ఎడమ సగం. ఒక్కో సగాన్నీ 1 అనుకుని నాలుగు ప్యాచ్‌లవీ కూడి చూడండి: నాలుగింట కుడి 3.94, ఎడమ 0.31. యాక్సియల్ రేషియో యాంటెన్నాకు నేరుగా ఎదురుగా 1.4 డెసిబెల్సే. 20 శాతం తప్పినా 2.8, ఇంకా హద్దు లోపలే. కాలేజీల్లో పిల్లలు సాఫ్ట్‌వేర్‌లో కొలతలు మార్చుకుంటూ గ్రాఫు 3 కిందికి దిగేదాకా చూస్తున్నారు. కాగితం మీద ఈ నాలుగు బాణాలు ఒక్కసారి గీయించిన మాస్టారు వాళ్లకు ఎంతో మేలు చేసినట్టే.

అయితే ఎదురుగా రద్దయిన ఎడమ తిరుగుడు మాయమైపోదు. పక్క దిశల్లో, ముఖ్యంగా మూలల వైపు, బయటపడి గెయిన్‌ను (ఎదురు దిశలోకి శక్తిని కూడగట్టే సత్తాను) తినేస్తుంది. ప్యాచ్‌ల నుంచి వెనక్కి తిరిగొచ్చే తరంగాలదీ ఇదే లెక్క. రానూపోనూ ఆలస్యం రెట్టింపై ఇన్‌పుట్ దగ్గర ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ల్యాబ్‌లో నెట్‌వర్క్ ఎనలైజర్ అనే కొలత పరికరం తెర మీద రిటర్న్ లాస్ గీత (వెనక్కొచ్చే శక్తిని చూపేది) ముచ్చటగా దిగిపోయి కనిపిస్తుంది, కానీ ఆ శక్తి గాల్లోకి పోలేదు, ప్యాచ్‌లకు శక్తిని పంచే పవర్ డివైడర్ రెసిస్టర్లలో వేడైపోయింది. అందుకే అనుభవజ్ఞులు గెయిన్ విడిగా కొలవనిదే నమ్మరు. ప్యాచ్ కింద గాలి పొరో ఫోమో ఉంచి, పైన ఇంకో ప్యాచ్ పేర్చి, ముందు ఒక్కోదాన్నీ వీలైనంత వెడల్పు బ్యాండ్‌లో గుండ్రంగా తిరిగేలా చేసుకుంటారు. మిగిలిన కొద్దిపాటి కల్తీని మాత్రమే ఆ అమరికకు వదిలేస్తారు.