కొత్త పీసీలో నెట్ రాకపోతే బోర్డు పోయినట్టు కాదు: అపోహలు, వాస్తవాలు

"బోర్డు పోనాది గావాలండీ. కొత్తదే, నెట్టు రావట్లేదు."

శ్రీకాకుళంలో సిస్టమ్‌లు బిగించే ఏ కొట్టులోనైనా తరచూ వినిపించే మాట ఇది. నరసన్నపేట నుంచో రాజాం నుంచో కేబినెట్‌ని దుప్పట్లో చుట్టి ఆటోలో పెట్టుకుని వస్తారు. కొన్ని భాగాలు ఆన్‌లైన్‌లో, కొన్ని వైజాగ్‌లో కొని, వీడియోలు చూసుకుంటూ రాత్రుళ్లు కూర్చుని బిగించుకున్న పిల్లలే ఎక్కువ. డిస్‌ప్లే వచ్చింది, విండోస్ పడింది, నెట్ మాత్రం లేదు. ఇంట్లోవాళ్లు "అంత డబ్బు పోశావు కదరా" అని ఒక్క మాట అంటే చాలు, ఆ కంగారులో బోర్డు (మదర్‌బోర్డు) విప్పేస్తారు. నష్టం జరిగేది అక్కడే.

అపోహ: నెట్ రాలేదంటే లాన్ పోర్టు (నెట్ కేబుల్ గుచ్చే చోటు) చచ్చింది, బోర్డు వెనక్కి పంపాల్సిందే

కొత్త బోర్డులో లాన్ చిప్ పుట్టుకతోనే పోయి ఉండడం చాలా అరుదు. ఎక్కువగా జరిగేది ఏమిటంటే, ఆ చిప్‌కి కావలసిన డ్రైవర్, అంటే చిప్‌తో విండోస్‌ని మాట్లాడించే చిన్న సాఫ్ట్‌వేర్, మీరు వేసిన విండోస్‌లో ఉండదు. ఇప్పటి బోర్డుల్లో రియల్‌టెక్ 2.5జీ, ఇంటెల్ ఐ226-వీ లాంటి చిప్‌లు, వైఫైకి మీడియాటెక్, ఇంటెల్ కార్డులు వస్తున్నాయి. మీ పెన్‌డ్రైవ్‌లో ఉన్న విండోస్ కాపీ ఆ చిప్ కంటే పాతదైతే దానికి చిప్ పేరే తెలియదు. బోర్డు పెట్టెలో డ్రైవర్ల డీవీడీ వచ్చినా, దాన్ని పెట్టడానికి కొత్త కేబినెట్లలో డ్రైవే ఉండదు.

"విండోస్ అప్‌డేటే అన్ని డ్రైవర్లూ తెచ్చుకుంటుంది కదా" అంటారు. తెచ్చుకుంటుంది, కానీ నెట్ ఉంటేనే. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు. ఈ చిక్కుముడిని విప్పేది మీ జేబులో ఉన్న ఫోనే.

ముందుగా స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైజ్ మేనేజర్ తెరవండి. 'అదర్ డివైజెస్' కింద 'ఈథర్‌నెట్ కంట్రోలర్' అని పసుపు త్రికోణంతో కనిపిస్తే సంతోషించండి. చిప్ బతికే ఉంది, డ్రైవర్ అడుగుతోంది. 'నెట్‌వర్క్ కంట్రోలర్' అని ఉంటే అది చాలావరకు వైఫై కార్డు. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే 'కోడ్ 28' కనిపిస్తుంది, డ్రైవర్ వెయ్యలేదని అర్థం. డీటెయిల్స్ ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే 'వెన్' అనే అక్షరాల తర్వాత ఒక నంబర్ ఉంటుంది. 10ఈసీ అయితే రియల్‌టెక్, 8086 అయితే ఇంటెల్, 14సీ3 అయితే మీడియాటెక్.

ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో పీసీకి కలపండి. కేబుల్ డేటా వెళ్లేది అయి ఉండాలి. పవర్ బ్యాంకుతో వచ్చే కొన్ని కేబుళ్లలో ఛార్జింగ్ తీగలే ఉంటాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్, టెథరింగ్ పేజీలో 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చెయ్యండి, ఫోన్‌లోని నెట్ కేబుల్ ద్వారా పీసీకి వెళుతుంది. కేబుల్ తగిలిస్తేనే ఆ మీట పనిచేస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లను విండోస్ తనంతట తానే నెట్‌వర్క్ కార్డుగా గుర్తిస్తుంది, వేరే డ్రైవర్ అక్కర్లేదు. ఐఫోన్‌కి మాత్రం పీసీలో యాపిల్ డ్రైవర్ ఉండాలి, కాబట్టి ఈ పనికి ఆండ్రాయిడ్ ఫోనే అరువు తెచ్చుకోండి.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఫోన్‌లో ఇంటి వైఫై ఆన్‌లో ఉంటే, టెథరింగ్‌లో పీసీకి వెళ్లేది ఆ వైఫైయే. మీ డేటా ప్యాక్ ఖర్చు కాదు. మొబైల్ డేటా మీదే నడపాల్సి వస్తే, విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్‌ని వెంటనే 'మీటర్డ్'గా (డేటా పొదుపుగా వాడేదిగా) పెట్టండి. లేకపోతే విండోస్ అప్‌డేట్ మొదలై రోజు కోటా కాసేపట్లో ఖాళీ చేస్తుంది.

డ్రైవర్‌ని బోర్డు తయారీ కంపెనీ సైట్‌లోనే, మీ మోడల్ సపోర్ట్ పేజీ నుంచే దించండి. మోడల్ పేరు బోర్డు మీదే అచ్చువేసి ఉంటుంది. కొన్నింటికి పక్కన 'రెవ్ 1.0', 'రెవ్ 1.2' అని కూడా ఉంటుంది. రివిజన్ మారితే లోపలి చిప్పే మారిపోవచ్చు, అందుకే అదీ సరిచూసుకోండి. వేసే వరస: ముందు చిప్‌సెట్, తర్వాత లాన్, ఆపైన వైఫై, బ్లూటూత్. అన్ని డ్రైవర్లనూ ఒక్క క్లిక్‌తో వేస్తామనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి. వాటితో పాటు ఏ ప్రకటనల చెత్త వస్తుందో తెలుసుకునేసరికి మళ్లీ విండోస్ వేసుకోవాల్సి వస్తుంది.

విండోస్ 11 వేస్తున్నప్పుడు నెట్‌కి కనెక్ట్ చెయ్యమనే తెర దగ్గరే ఆగిపోయారా? అక్కడ కూడా ఇదే టెథరింగ్ పనిచేస్తుంది. కొత్త వెర్షన్లలో ఆ తెర మీదే డ్రైవర్ వేసే బటన్ ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో డ్రైవర్ ఫోల్డర్‌ని జిప్ విప్పి పెట్టుకోండి, జిప్ ఫైల్‌ని అది తీసుకోదు. షిఫ్ట్, ఎఫ్10 నొక్కి కమాండ్ కొడితే ఆ తెర దాటిపోవచ్చనే చిట్కా వాట్సాప్‌లో ఇంకా తిరుగుతోంది. 2025 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేస్తూ వస్తోంది, దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

ఇంత వివరం ఎందుకంటే, బోర్డు విప్పడంలో ఉన్న ప్రమాదం నెట్ రాకపోవడం కంటే చాలా పెద్దది. ఇప్పటి ఇంటెల్ బోర్డుల్లో, ఏఎమ్‌5 బోర్డుల్లో పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి. కంగారులో ప్రాసెసర్ తీస్తూ ఒక్క పిన్ను వంచితే, అది మీ చేతి వల్ల జరిగిన దెబ్బే అవుతుంది, వారంటీ వర్తించదు. సాకెట్ మీద వచ్చిన ప్లాస్టిక్ మూత పారేసినా వెనక్కి తీసుకోవడానికి పేచీ పెడతారు. కొద్ది ఎంబీల డ్రైవర్‌తో తీరే పనికి బాగున్న బోర్డుని పాడుచేసుకున్నవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: రౌటర్ వెనక చిన్న బొక్కలో పిన్ను గుచ్చితే అంతా సర్దుకుంటుంది

దయచేసి ఆ పని చెయ్యకండి. ఆఫ్ చేసి ఆన్ చెయ్యడం వేరు, రీసెట్ వేరు. ఏపీ ఫైబర్‌నెట్ అయినా బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్ అయినా మరొకటైనా, గోడకున్న ఆ పెట్టెలో మీ పీపీపీఓఈ (నెట్ కంపెనీకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ పేరు, పాస్‌వర్డ్, కంపెనీ ఇచ్చిన వీలాన్ నంబర్ లాంటి సెట్టింగ్‌లు ఎక్కించి ఉండొచ్చు. పది సెకన్లు పిన్ను గుచ్చితే అవన్నీ చెరిగిపోతాయి. అప్పటిదాకా పీసీకి ఒక్కదానికే లేని నెట్, ఇంట్లో టీవీకీ ఫోన్లకూ కూడా పోతుంది, ఆపరేటర్ మనిషి వచ్చేదాకా రాదు. లోపలి ఊళ్లలో ఉన్నవాళ్లకి అది రెండు రోజులైనా కావచ్చు.

మిగతా ఫోన్లలో నెట్ వస్తోందంటే పెట్టె బాగానే ఉన్నట్టు. దాని ప్లగ్ తీసి, ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. అంతవరకే.

అపోహ: ఈ బోర్డులో వైఫై సిగ్నల్ వీక్

కేబినెట్ వెనక్కి వెళ్లి చూడండి. బంగారు రంగులో రెండు మరల పిన్నులు ఖాళీగా ఉన్నాయా? వాటికి బిగించాల్సిన యాంటెన్నాలు బోర్డు పెట్టెలో, అట్టముక్క కింద ఇంకా అలాగే ఉన్నాయి. అవి లేకపోతే రౌటర్ పక్కనే ఉన్నా ఒకటి రెండు గీతలే వస్తాయి. రెండూ బిగించండి, కేబినెట్ వెనక గోడకి నొక్కుకుపోకుండా పైకి నిలబెట్టండి.

ఆ పిన్నులే లేకపోతే మీ బోర్డులో వైఫై లేనట్టే. లాప్‌టాప్‌లో ఉంటుంది కదా అని ప్రతి బోర్డులోనూ ఉండదు, మోడల్ పేరులో 'వైఫై' అన్న మాట ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి. చవక యూఎస్‌బీ డాంగిల్ కొంటే అందులో చాలావాటికి 2.4 గిగాహెర్ట్‌జ్ ఒక్కటే పడుతుంది. దాన్ని నీలిరంగు యూఎస్‌బీ 3 పోర్టులో, పక్కన పోర్టబుల్ హార్డ్ డిస్క్ ఉండగా పెడితే ఆ పోర్టు రొదే సిగ్నల్‌ని దెబ్బతీస్తుంది. యూఎస్‌బీ 2 పోర్టులో గానీ, చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో కాస్త దూరంగా గానీ పెట్టండి.

రౌటర్ వైఫై పేరు చివర '5జీ' అని ఉన్నది 5 గిగాహెర్ట్‌జ్ వైఫై. దానికీ 5జీ సిమ్‌కీ ఏ సంబంధమూ లేదు.

అపోహ: పాత సిస్టమ్‌లో వచ్చింది, కొత్తదానిలో రావట్లేదంటే కొత్తదే పాడు

రౌటర్ లేకుండా కేబుల్ ఆపరేటర్ తీగ నేరుగా పీసీకే వచ్చే ఇళ్లలో ఇది చూడాలి. కొందరు ఆపరేటర్లు మీ పాత పీసీ మ్యాక్ అడ్రస్‌కే (ప్రతి నెట్‌వర్క్ చిప్‌కీ ఉండే సొంత నంబర్‌కే) కనెక్షన్‌ని కట్టేసి ఉంచుతారు. కొత్త పీసీకి మ్యాక్ వేరు, అందుకే లోపలికి రానివ్వదు. కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఐపీకాన్ఫిగ్ /ఆల్' కొట్టి, 'ఫిజికల్ అడ్రస్' అన్న వరసలో ఉన్న పన్నెండు అక్షరాలూ ఆపరేటర్‌కి చెప్పి మార్పించుకోండి. పాత పీసీలో పీపీపీఓఈ డయలర్ ఉండేదేమో కూడా గుర్తు తెచ్చుకోండి, కొత్తదానిలో అది మళ్లీ పెట్టుకోవాలి.

అదే తెరలో ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే మీ పీసీకి రౌటర్ నుంచి అడ్రస్ రాలేదని అర్థం, కేబుల్ గానీ పోర్టు గానీ మార్చి చూడండి. 192.168తో మొదలై, '8.8.8.8'కి పింగ్ వెళుతూ సైట్లు మాత్రం తెరుచుకోకపోతే తేడా డీఎన్‌ఎస్‌లో, అంటే సైట్ పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చే ఏర్పాటులో ఉంది. ప్రతి సైటూ భద్రత లేదని ఎర్ర హెచ్చరిక చూపిస్తే ముందు గడియారం చూడండి. తేదీ ఏళ్ల వెనక ఉంటే సర్టిఫికెట్లు చెల్లవు.

అపోహ: 95 ఎంబీపీఎస్ దాటట్లేదు, కంపెనీ మోసం చేస్తోంది

100 ఎంబీపీఎస్‌కి లాన్ కేబుల్‌లో నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి (1000 ఎంబీపీఎస్) ఎనిమిదీ తగలాలి. మిగతా నాలుగింటిలో ఒక్క తీగ క్రింపింగ్‌లో (కేబుల్ కొసకి ప్లగ్ బిగించేటప్పుడు) తప్పినా వేగం 100కి పడిపోతుంది, నెట్ మాత్రం వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఫైబర్ పెట్టెల్లో కొన్నింటికి రెండు పోర్టుల్లో ఒకటే గిగాబిట్, రెండోది 100 మాత్రమే. ముందు పోర్టు మార్చండి, తర్వాత కేబుల్ మార్చండి, అప్పుడు ఆపరేటర్‌తో మాట్లాడండి.

మరి బోర్డు నిజంగా ఎప్పుడు అనుమానించాలి?

డివైజ్ మేనేజర్‌లో లాన్ పేరు ఎక్కడా లేకపోతే. అప్పుడు కూడా వరసగా చూడండి. బయోస్‌లో (విండోస్‌కి ముందు వచ్చే బోర్డు సెట్టింగ్స్ తెర) ఆన్‌బోర్డ్ లాన్ 'డిజేబుల్' అయి ఉందేమో చూడాలి. తర్వాత ఎస్‌ఎమ్‌పీఎస్ (కేబినెట్‌లోని పవర్ సప్లై) ప్లగ్ తీసి, పవర్ బటన్ ముప్పై సెకన్లు నొక్కి పట్టి మళ్లీ పెట్టాలి. చిప్ పేరు కనిపిస్తున్నా పోర్టు లైటు వెలగకపోతే వెనక ఐఓ షీల్డ్ (పోర్టుల చుట్టూ ఉండే రేకు) చూడండి. ఆ రేకు నాలుక ఒకటి పోర్టు లోపలికి వంగి కూర్చుంటే కేబుల్ పూర్తిగా దిగదు. బిగించేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఇది. 2020 ప్రాంతంలో వచ్చిన తొలి ఇంటెల్ ఐ225-వీ చిప్‌లలో మాత్రం నిజంగానే లోపం ఉంది, 2.5జీలో నెట్ తెగిపోతూ ఉండేది. సెకండ్‌హ్యాండ్ బోర్డు కొన్నవాళ్లు అడాప్టర్ సెట్టింగ్స్‌లో వేగాన్ని 1 జీబీపీఎస్ ఫుల్ డూప్లెక్స్‌కి దించి చూడండి.

ఇక వేసవి గాలివానలు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో మన శ్రీకాకుళం వైపు పిడుగులు ఎలా పడతాయో చెప్పక్కర్లేదు. ఫైబర్ తీగలోంచి కరెంటు రాదు, కానీ స్తంభం మీంచి రాగి లాన్ కేబుల్ నేరుగా వచ్చే ఇళ్లలో పోర్టులు పోతాయి. ఉరుము వినగానే కరెంటు ప్లగ్‌తో పాటు లాన్ కేబుల్ కూడా పీకెయ్యండి.

అలా పోర్టు నిజంగానే పోయినా బోర్డు మార్చక్కర్లేదు. మిగతాదంతా నడుస్తుంటే బోర్డు మీది చిన్న పీసీఐఈ ఎక్స్1 స్లాటులో పట్టే గిగాబిట్ లాన్ కార్డు గానీ, యూఎస్‌బీ లాన్ అడాప్టర్ గానీ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. రియల్‌టెక్ 8111 చిప్ ఉన్న కార్డు తీసుకుంటే డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది, తగిలించగానే లైటు వెలుగుతుంది.