గట్క ముద్ద నుంచి మిర్చి బస్తా దాకా

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లో మా బాపు తెల్లవారకముందే ఇల్లు వదిలేవాడు. 40 కిలోల చుట్టూ తూగే బస్తాలు వీపున మోసి లారీలకు ఎక్కించడం ఆయన పని. పోయే ముందు ఒక గిన్నెడు మక్క గట్క (ముతక మక్క రవ్వను ఉడికించి చేసేది), అందులో మజ్జిగ, నంజుకోను ఉల్లిగడ్డ. "గట్క తిన్ననాడు మధ్యాహ్నం దాకా ఆకలి కాదు. ఉత్త తెల్లన్నం తింటే పదకొండింటికే నీరసమొస్తది" అనేవాడు. ఆ మాటలో ఎంత నిజముందో బయాలజీ పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక గానీ నాకు అర్థం కాలేదు.

ముందు చిన్న లెక్క వేద్దాం. 40 కిలోల బస్తాను నేల మీది నుంచి మీటరున్నర ఎత్తుకు లేపడానికి కావలసిన శక్తి 0.14 కిలోకేలరీలు. వాడుకలో మనం కేలరీ అనేది ఈ కిలోకేలరీనే. కండరం తనకు అందిన శక్తిలో సుమారు పావు వంతునే పనిగా మారుస్తుంది, మిగిలిందంతా వేడి. అంటే అసలు ఖర్చు అర కేలరీకి కాస్త ఎక్కువ. ఒక గ్రాము పిండిపదార్థం 4 కేలరీలు ఇస్తుంది కాబట్టి, గట్కలోని ఒక్క గ్రాము పిండిపదార్థంతో ఏడు బస్తాలు లేపొచ్చు!

నమ్మబుద్ధి కాదు. కానీ బాపు లేపేది బస్తాను ఒక్కదాన్నే కాదు. వంగి లేచినప్పుడల్లా తన ఒంటి బరువునూ లేపుతాడు, లారీ ఎక్కే పలక మీద నడుస్తాడు, చెమట కారుస్తాడు. పని లేక మంచం మీద పడుకున్నా 55 కిలోల మనిషికి రోజుకు 1300 కేలరీలకు పైగా కావాలి. గుండె, కాలేయం, మూత్రపిండాలు, మెదడు ఆగవు కదా. ఒంటి బరువులో మెదడు నూటికి రెండు వంతులే, కానీ పడుకున్నప్పటి ఖర్చులో ఐదో వంతు దానిదే.

గట్కలోని పిండి నోట్లో లాలాజలంతోనే విరగడం మొదలై, చిన్నపేగులో పూర్తిగా గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి చేరుతుంది. ఒంట్లో ఉన్న రక్తమంతటిలో ఒక సమయంలో ఉండే గ్లూకోజ్ ఐదు గ్రాములే, ఒక చెంచాడు. అంతకు మించి వచ్చినదాన్ని ఇన్సులిన్ సాయంతో కాలేయం, కండరాలు గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి. కాలేయంలో 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా పడుతుంది. ఇది ఇంట్లో గుమ్మి లాంటిది, తెల్లారితే తీసి వాడుకోవచ్చు. కొవ్వు కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు. గ్రాముకు 9 కేలరీలు పలుకుతుంది గానీ, గేటు దాటి బయటికి రావడానికి టైం పడుతుంది.

ముతకగా విసిరిన మక్క రవ్వ లోపలికి జీర్ణరసాలు మెల్లగా చేరతాయి. మెత్తగా ఉడికిన పాలిష్ బియ్యం తొందరగా కరిగి గ్లూకోజ్ ఒక్కసారిగా పెరిగి, అంతే వేగంగా దిగుతుంది. బాపు చెప్పిన పదకొండింటి నీరసం వెనక ఉన్నది ఎక్కువగా ఈ తేడానే.

కండరం మాత్రం గ్లూకోజ్‌ను నేరుగా వాడుకోలేదు. దానికి తెలిసిన ఒకే ఒక చిల్లర ఏటీపీ అనే అణువు. దాని మూడు ఫాస్ఫేట్ల తోకలో చివరిది తెగినప్పుడు వచ్చే శక్తితోనే కండరం ముడుచుకుంటుంది. ఒంట్లో మొత్తం కలిపి ఏటీపీ వంద గ్రాములైనా ఉండదు. అయినా ఒక రోజులో మనం ఖర్చు చేసే ఏటీపీ సుమారు మన ఒంటి బరువంత. తెగిన తోకను మళ్లీ మళ్లీ అతికిస్తూ ఉండటం వల్లే ఇది సాధ్యం.

ఈ విషయం పిల్లలకు చెప్పేటప్పుడు నేను భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెప్పకుండా ముందుకు పోను. అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని 1927లో బయటపెట్టారు. బస్తా వీపున పడ్డ మొదటి ఐదారు సెకన్లలో ఏటీపీ తోకను అతికించేది అదే. 1929లో ఏటీపీని కూడా వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా దాన్ని కనుక్కున్నారు. మన తెలుగాయన ఇంత మూలమైన పనిలో ఉన్నారని తెలిసినప్పుడు క్లాసులో పిల్లల ముఖాలు చూడాలి.

ఆ 1929లోనే డచ్ వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్‌కు నోబెల్ వచ్చింది. ఆయన కథ బియ్యానిది. జావాలో ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం తిన్న కోళ్ల కాళ్లు పడిపోయాయి, ముడిబియ్యం వేస్తే కోలుకున్నాయి. తవుడులో ఉన్నది థయమిన్, అంటే బి1 విటమిన్. గ్లూకోజ్ సగం విరిగి పైరువేట్ అయ్యాక కణంలోని మైటోకాండ్రియా పొయ్యిలో సక్రమంగా మండాలంటే థయమిన్ కావాలి. అది లేకపోతే కడుపు నిండా అన్నం ఉన్నా శక్తి పుట్టదు. నరాలు, గుండె దెబ్బతింటాయి. దాన్నే బెరిబెరి అంటారు.

కరీంనగర్, పెద్దపల్లి దిక్కు మిల్లుల్లో వడ్లను నానబెట్టి, ఆవిరికి ఉడికించి, ఆరబెట్టి పట్టిస్తారు. అలా ఉడికినప్పుడు తవుడులోని థయమిన్ కొంత గింజ లోపలికి పోతుంది. పాలిష్ పట్టినా మిగులుతుంది. ఆ ఉప్పుడు బియ్యం కేరళకు పోతుంది, మన పళ్లెంలోకి పచ్చిబియ్యం వస్తుంది. పైగా మూడునాలుగు సార్లు కడిగి, గంజి వంచి పారబోస్తాం. నాకు ఇది బాధ కలిగించే విషయం.

అలాగని గట్కను ఆకాశానికెత్తను. మక్కల్లో నయాసిన్ అనే బి3 విటమిన్ ఉన్నా గింజకు గట్టిగా అంటుకుని మనకు అందదు. మెక్సికోలో మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించేది అది విడివడటానికి కూడా పనికొస్తుంది. మైటోకాండ్రియా పొయ్యిలో థయమిన్ లాగే నయాసిన్‌కూ పని ఉంది. అది లేనివాళ్లకు ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పెలుసులు లేచే పెలాగ్రా వస్తుంది. దక్కన్‌లో జొన్నల మీదే బతికిన పేదల్లోనూ ఈ జబ్బు కనిపించేది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ దీని మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసింది. పాలల్లో, పప్పుల్లో ఉండే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి శరీరం సొంతంగా నయాసిన్ చేసుకోగలదు. బాపు గట్కలో పోసుకున్న మజ్జిగ రుచికే కాదన్నమాట.

పొయ్యికి గాలి కూడా కావాలి. రక్తంలో ఆక్సిజన్ మోసే హీమోగ్లోబిన్‌కు ఇనుము మూలం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. మా అమ్మ అందులో ఒకతి. అదే మార్కెట్‌లో మిర్చి ఏరేది, అందరూ తిన్నాక మిగిలింది తినేది, తిన్న వెంటనే చాయ్ తాగేది. చాయ్‌లోని టానిన్లు ఇనుమును పట్టేసి పేగులోంచి లోపలికి పోనివ్వవు. నిమ్మకాయ, ఉసిరికాయల్లోని విటమిన్ సి దానికి దారి ఇస్తుంది. ఇప్పుడు చాయ్ గంట తర్వాత తాగుతోంది, పప్పులో నిమ్మకాయ పిండుకుంటోంది.

అయినా తిండి ఒక్కదాంతో ఇంత లోటు పూడదు. మాత్రలూ వేసుకుంటోంది. హీమోగ్లోబిన్ ఉండే ఎర్రరక్తకణం ఆయుష్షు 120 రోజులు. ఒంట్లోని పాతవి పోయి కొత్తవి నిండటానికి నెలలు పడుతుంది కాబట్టి, బాగనిపించినా మాత్రలు ఆపొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పటికి నెలన్నర అయింది. మెట్లెక్కితే మునుపటంత ఆయాసం లేదంటోంది అమ్మ.