నిద్రలో చేయి తిరుగుతుందా?

4-1-3-2-4. నిద్ర గురించి ఇరవై ఏళ్లకు పైగా నడుస్తున్న ఒక వాదం ఈ ఐదు అంకెల చుట్టూనే తిరుగుతోంది.

హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో మాథ్యూ వాకర్, రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం కుడిచేతి వాటం వాళ్లను పిలిచి, ఎడమచేతి వేళ్లతో ఈ వరుసను కీబోర్డు మీద వీలైనంత వేగంగా కొట్టమంది. 30 సెకన్లు కొట్టడం, 30 సెకన్లు ఆగడం, ఇలా 12 సార్లు. అంకెలు తెర మీద కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి బట్టీ పట్టే పని లేదు. నేర్చుకోవలసింది వేళ్లే. ఉదయం 10 గంటలకు నేర్చుకున్నవాళ్లను రాత్రి 10కి మళ్లీ పరీక్షిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. పడుకుని లేచాక మాత్రం వేగం దాదాపు 20 శాతం పెరిగింది. రాత్రి నేర్చుకున్నవాళ్లకు తెల్లారేసరికే ఆ వేగం వచ్చేసింది. పగలు వేరే పనులు తగిలి నేర్చుకున్నది చెదిరిపోతోందేమోనని కొందరి చేతులకు రోజంతా తొడుగులు వేసి ఉంచారు. అయినా నిద్రపోయేదాకా మార్పు లేదు.

ఈ పేపర్ 2002లో వచ్చింది. అదే ఏడాది జర్మనీలో యాన్ బోర్న్ బృందం కూడా వేళ్ల పరీక్షతోనే ఇదే మాట చెప్పింది. పగటి నిద్ర అయినా పనిచేస్తుందని తేల్చింది.

దీని విలువ తెలియాలంటే 1924కి వెళ్లాలి. కార్నెల్ యూనివర్సిటీలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే పరిశోధకులు ఇద్దరు విద్యార్థులకు అర్థం లేని అక్షరాల జట్లు నేర్పించారు. మేలుకుని ఉన్నప్పటికంటే పడుకుని లేచినప్పుడు మరపు తక్కువగా ఉంది. నిద్రలో కొత్త విషయాలు వచ్చి పడవు కాబట్టి పాతవి చెరిగిపోవని వాళ్లు అనుకున్నారు. అంటే నిద్ర ఒక మూసిన తలుపు, అంతే. నిద్ర తానుగా ఏదైనా పని చేస్తుందన్న ఆలోచనకు బలం రావడానికి దశాబ్దాలు పట్టింది. 1994లో విల్సన్, మెక్‌నాటన్ ఎలుకల హిప్పోకాంపస్‌లో, అంటే మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన భాగంలో, ఒక సంగతి చూపించారు. తిరిగేటప్పుడు ఏ కణాలు కలిసి స్పందించాయో, తర్వాతి నిద్రలోనూ అవే కలిసి స్పందించాయి.

చేతి జ్ఞాపకం వేరే రకమని అప్పటికే తెలుసు. 1953లో మెదడు ఆపరేషన్ తర్వాత కొత్త జ్ఞాపకాలు నిలవని హెన్రీ మోలైసన్ చేత మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించారు. మూడో రోజుకి ఆయన చేయి తిరిగింది. ఆ బొమ్మ ఇంతకుముందు గీసినట్టే ఆయనకు గుర్తులేదు! ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించేది ఈ ఘట్టమే.

వాకర్ ఫలితానికి ఎదురుదెబ్బ 2008లో తగిలింది. 30 సెకన్లు ఆపకుండా కొడితే వేళ్లు అలిసిపోతాయి, ఆ అలసట తీరడాన్నే నిద్ర మహిమ అనుకుంటున్నారని తిమోతీ రికర్డ్ బృందం వాదించింది. అలసట రాకుండా విరామాలిచ్చి నేర్పితే, పొద్దున కనిపించే ఆ లాభం కనిపించలేదు. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో లియొనార్డో కోహెన్ బృందం అదే 4-1-3-2-4తో ఇంకో మాట చెప్పింది. మొదటి రోజు వేగం పెరిగేది కొట్టేటప్పుడు కాదు, వాళ్ల ప్రయోగంలో మధ్యమధ్య ఆగే 10 సెకన్లలోనట. దాని మీదా వాదం నడుస్తోంది. రికర్డ్ అభ్యంతరం న్యాయమైనదే. 20 శాతం అన్న అంకెను ఇప్పుడు ఎవరైనా ఆచితూచి వాడాలి.

అలాగని నిద్రకు పనేమీ లేదనలేం. 2014లో న్యూయార్క్‌లో తిరిగే కడ్డీ మీద నడక నేర్చిన ఎలుకలు నిద్రపోయాక, వాటి మెదడు కణాల కొమ్మలపై కొత్త మొగ్గల్లాంటివి ఏర్పడటం సూక్ష్మదర్శినిలో కనిపించింది. నిద్ర లేకుండా చేస్తే అవి తగ్గాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో న్యూరాలజిస్ట్ కరుణేశ్ గంగూలీ బృందం 2019లో ఇంకా లోతుకు వెళ్లింది. గాఢనిద్రలో వచ్చే రెండు రకాల అలల్లో ఒకదాని సమయంలో కణాలను అడ్డుకుంటే ఎలుక నేర్చింది జారిపోయింది, రెండోదాని సమయంలో అడ్డుకుంటే ఇంకా గట్టిపడింది. అంటే నిలబెట్టడం, చెరపడం రెండూ ఒకే నిద్రలో జరుగుతున్నాయి.

గంగూలీ పక్షవాతం వచ్చినవాళ్లకు చెయ్యి మళ్లీ ఎలా స్వాధీనంలోకి వస్తుందన్నదాని మీద కూడా పనిచేస్తారు. పడిపోయిన చేతికి కదలిక నేర్పడం కూడా నేర్చుకోవడమే కదా. మా పెదనాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు వార్డులో ఆయన పక్కన నేనున్నాను. రాత్రంతా లైట్లు వెలుగుతూనే ఉండేవి. 2 గంటలకు బీపీ చూడటానికి లేపేవాళ్లు, 5 గంటలకు రక్తం తీయడానికి లేపేవాళ్లు. 10 గంటలకు ఫిజియోథెరపిస్ట్ వచ్చి చేతిలో రబ్బరు బంతి పెట్టి నొక్కమంటే, రెండుసార్లు నొక్కి, కుర్చీలోనే కళ్లు మూసుకునేవారు. బంతి జారి మంచం కిందికి దొర్లిపోయేది.