అరటిపళ్ళ పక్కన తులిప్ దుంప పెట్టకండి

ఫిబ్రవరి వస్తే ఢిల్లీ శాంతిపథ్ తులిప్‌లు, మార్చి దాటితే శ్రీనగర్ తోట ఫొటోలు, ఫోన్ నిండా అవే. అవి చూసి వైజాగ్‌లో కూడా చాలామంది నర్సరీలకెళ్ళి "ఎర్ర పువ్వుకి పసుపు అంచు ఉంటుందే, ఆ రకం దుంపలున్నాయా" అని అడుగుతున్నారు. దుంపలు దొరకడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు, ఆన్‌లైన్‌లో బోలెడు. కాకపోతే తెచ్చిన దుంపని తెచ్చినట్టే కుండీలో పెడితే నాలుగాకులు వచ్చి ఆగిపోతుంది, లేదంటే మొగ్గ ఆకుల మధ్యే ఇరుక్కుని ఎండిపోతుంది. అప్పుడు మట్టిని తిట్టుకుంటాం, ఎరువుని తిట్టుకుంటాం. తప్పు వాటిది కాదు, మన చలిది.

తులిప్ పుట్టిల్లు మధ్య ఆసియా కొండలు. అక్కడ వేసవి ఎండకి మొక్క పైభాగమంతా ఎండిపోతుంది, దుంప మాత్రం మట్టిలో పడుకుని, బయటికి ఏమీ తెలియనివ్వకుండా, వచ్చే ఏడాది పువ్వుని లోపలే తయారుచేసుకుంటుంది. నమ్మకం కుదరకపోతే అక్టోబర్‌లో ఒక దుంపని నిలువుగా కోసి చూడండి. దళసరి తెల్లటి పొరల నడుమ, సరిగ్గా మధ్యలో, లేత పచ్చగా చిన్న మొగ్గ కనిపిస్తుంది. భూతద్దం పెట్టి చూస్తే ఆరు రేకులు, ఆరు కేసరాలు, మధ్యలో అండాశయం, అన్నీ అప్పటికే సిద్ధంగా ఉంటాయి. అంటే కుండీలో మనం పువ్వుని పుట్టించేదేమీ లేదు, పుట్టి ఉన్నదాన్ని పైకి రప్పించడమే.

పైకి రావాలంటే కాడ సాగాలి, కాడ సాగాలంటే దానికి ముందు చలి పడాలి. సుమారు 5 డిగ్రీల దగ్గర 12 నుంచి 16 వారాలు ఉంటే దుంపలో దాచుకున్న పిండిపదార్థం చక్కెరలుగా మారుతుంది, కాడ కణాలు సాగడానికి కావలసిన హార్మోన్ల ఏర్పాటు జరుగుతుంది. చలికాలం నిజంగా గడిచిందా, లేక మధ్యలో నాలుగు రోజులు వెచ్చబడిందా అని మొక్క తేల్చుకునే పద్ధతి ఇది. తొందరపడి మంచులోకి తల పెడితే బతకదు కదా. మన దగ్గర జనవరి రాత్రి 15 డిగ్రీల దరిదాపులకొస్తేనే స్వెట్టర్లు బయటికి తీస్తాం. లంబసింగిలో చలి గట్టిగానే ఉంటుంది గానీ అది కూడా రాత్రిపూటే, మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. కాబట్టి వైజాగ్ వాళ్ళకి మిగిలింది ఫ్రిజ్.

సెప్టెంబర్‌లో దుంపలు కొని, చిల్లులు పెట్టిన కాగితం కవర్లో వేసి, ఫ్రిజ్ కింది అరలో పెట్టాలి. డీప్ ఫ్రీజర్ వద్దు, గడ్డకడితే పని అయిపోయినట్టే. అసలు ప్రమాదం వేరే ఉంది. అరటిపళ్ళు, ఆపిల్స్, పండిన బొప్పాయి ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. పళ్ళు మగ్గడానికి పనికొచ్చే ఆ వాయువే దుంప లోపలి మొగ్గని చంపేస్తుంది, బయటికి మాత్రం దుంప రాయిలా గట్టిగానే ఉంటుంది. చూసి ఏం తెలుసుకుంటాం? మూడు నెలలు కాపలా కాసి, తీరా పాతాక ఆకులే వస్తే అప్పుడు తెలుస్తుంది. పళ్ళు వేరే చోట పెట్టుకోవడానికి ఇంట్లో వాళ్ళని ఒప్పించలేకపోతే తులిప్ ఆలోచన మానుకోవడం మంచిది, సరదాకి చెప్పడం లేదు.

డిసెంబర్ రెండో సగంలో కుండీలోకి మార్చి, పొద్దుటి ఎండ మాత్రమే పడే చోట పెట్టండి. మన గాలిలో తేమకి దుంప కుళ్ళిపోవడం తేలిక, నీరు నిలవకూడదు, అందుకని మట్టిలో ఇసుక కలపాలి. నది ఇసుకే సుమా, దగ్గరుంది కదా అని బీచ్ నుంచి తెచ్చుకుంటే అందులో ఉప్పుంటుంది.

ఇంతకీ ఆ రెండు రంగుల సంగతి. తులిప్ రేకుకి రంగు రెండు అంతస్తుల్లో ఉంటుంది. లోపలిది తెలుపో పసుపో, దానిమీద పై పొర కణాల్లో ఆంథోసయనిన్ అనే ఎరుపు, ఊదా రంగు. పై రంగు ఎక్కడ ఏర్పడకపోతే అక్కడ లోపలిది బయటపడుతుంది. 1600ల్లో హాలండ్ వాళ్ళని పిచ్చెక్కించిన చారల తులిప్‌లు ఇలా వచ్చినవే. సెంపర్ ఆగస్టస్ అనే రకం, తెల్ల రేకుల మీద ఎర్రటి జ్వాలలు, ఒక్క దుంపకి 10,000 గిల్డర్ల (అప్పటి హాలండ్ డబ్బు) దాకా ధర పలికిందంటారు. 1637 ఫిబ్రవరిలో ఈ దుంపల బేరాలు కుప్పకూలాయి.

తమాషా ఏమిటంటే ఆ అందం ఒక జబ్బు. ఈ ఏడాది సాదా ఎరుపు పూసిన దుంప వచ్చే ఏడాది చారలతో పూసేది, ఎందుకో ఎవరికీ అంతుబట్టేది కాదు. కొందరు మట్టి మార్చారు, ఇంకొందరు రెండు రకాల దుంపలని సగానికి కోసి కలిపి కట్టారు. 1928లో ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నెస్ సంస్థలో డొరొతీ కేలీ అనే శాస్త్రజ్ఞురాలు, చారల దుంప ముక్కని మామూలు దుంపకి అంటుకట్టి, ఇది ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునేదే అని చూపించింది. కారణం వైరస్. దాన్ని మోసుకెళ్ళేది ఎవరో కాదు, మన పేనుబంక, మిరప, పొగాకు రైతుల్ని ఏడిపించే జాతే. వైరస్ సోకిన చోట రంగు తయారీ ఒక తీరు లేకుండా దెబ్బతింటుంది, అందుకే ఏ రెండు రేకులూ ఒకేలా ఉండవు. దుంప కూడా ఏటికేడు నీరసించి పిల్లలు తక్కువ పెడుతుంది. సరుకు తక్కువ కాబట్టే ధర అంత. సెంపర్ ఆగస్టస్ ఇప్పుడు ఎక్కడా లేదు.

తెల్ల తులిప్‌కి ఇదే వైరస్ సోకినా పువ్వు మీద ఏమీ కనపడదు, చెరిపేయడానికి పై రంగే లేదు కదా. నాకు ఈ కథ మొత్తంలో భయం వేసేది ఇక్కడే, రోగం ఉన్నా పువ్వు మల్లెలా తెల్లగా నవ్వుతూ ఉంటుంది.

ఇప్పుడు కవర్లమీద చూసే రెండు రంగుల రకాలకి వైరస్‌తో సంబంధం లేదు. ఎరుపుకి పసుపు అంచున్న కైజర్స్‌క్రూన్ 1750 నాటిది, నేటికీ అమ్ముతున్నారు. నారింజ మీద ఊదా ఛాయ ఉండే ప్రిన్సెస్ ఐరీన్ పాత ఎర్ర రకంలో దానంతటది వచ్చిన మార్పు. ఇవి జన్యువుల్లో ఉన్న నమూనాలు, మడి మొత్తం ఒకే తీరుగా పూస్తాయి.

చలీ ఫ్రిజ్ గొడవ లేకుండా ఇలాంటిదే చూడాలంటే పెరట్లో చంద్రకాంత చాలు. గులాబీ, పసుపు కలగలిసిన చెట్టుంటే సాయంత్రం ఓ పది పువ్వులు కోసి పక్కపక్కన పరచండి, ఒకదానిలో సన్నగీత, ఒకదానిలో చుక్కలు, ఒకదానిలో సగం సగం. ఇక్కడ వైరస్ లేదు, రంగు జన్యువులో దూరి కూర్చున్న గెంతే జన్యువు (ఉన్నచోట ఉండక చోటు మారే జన్యువు ముక్క) రేకు పెరిగేటప్పుడు కొన్ని కణాల్లో బయటికి గెంతేస్తుంది, ఆ కణం సంతానమంతా రంగు తేలుతుంది. ముందే గెంతితే వెడల్పు పట్టీ, ఆలస్యంగా గెంతితే చుక్క.

మళ్ళీ తులిప్‌కి వస్తే, జనవరి చివర పూసిన పువ్వు మన మధ్యాహ్నాలకి వారం నిలిస్తే గొప్ప. ఆ తర్వాత దుంపని దాచుకోవడం దండగ, మార్చి ఎండలకి ఆకులు మాడిపోతాయి, మళ్ళీ పువ్వు తయారుచేసుకునేంత బలం దానికి చేరదు. ఎరువుల గుంటలో వేసేయండి. ఒక్క జాగ్రత్త, సాదా ఎరుపు అని కొన్నది చారలతో పూస్తే మురిసిపోయి అలాగే ఉంచకండి. పక్క కుండీల్లో ఏషియాటిక్ లిల్లీలుంటే వాటికీ ఇదే వైరస్ అంటుతుంది. ఫొటో తీసుకుని, మొక్కని దుంపతో సహా పీకి, ఎరువుల గుంటలో కాదు, చెత్తబండిలో వేయండి.