ఒంటరిగా మహానగరానికి మూడు రోజులు: టికెట్ కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నల్లగొండలో పద్దెనిమిదేళ్లుగా నా పని ఇదే: రైలు టికెట్లు తీసి ఇవ్వడం, ఎక్కడ దిగాలో, ఎక్కడ ఉండాలో, ఏది ముందు చూడాలో చెప్పడం. మునుపు కుటుంబాలకు కుటుంబాలే తీర్థయాత్రల కోసం వచ్చేవి. ఇప్పుడు "ఒక్కదాన్నే వెళ్లాలి", "ఒక్కడినే వెళ్తున్నాను" అనేవాళ్లు పెరిగారు. వీళ్లలో కొందరు డబ్బులు చేతిలో పట్టుకొని కూడా ఆఖరి నిమిషంలో వెనక్కి తగ్గుతారు. ఎవరో అన్న ఒక్క మాట వాళ్లను ఆపేస్తుంది. ఆ మాటలను ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుంటాను. ఉదాహరణకు కోల్‌కతా చెబుతాను. సికింద్రాబాద్ నుంచి హౌరా వెళ్లే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ మన నల్లగొండ మీదుగానే వెళ్తుంది కాబట్టి, బండి మారే పని లేకుండా చేరగలిగే మహానగరం అది.

అపోహ: ఊరు ఎంత పెద్దదైతే ఒంటరివాళ్లకు అంత ప్రమాదం.

వాస్తవం: ప్రమాదం ఊరు సైజును బట్టి ఉండదు, గడియారాన్ని బట్టి ఉంటుంది. నా అనుభవంలో ఇబ్బందుల్లో ఎక్కువ భాగం దిగిన మొదటి రెండు గంటల్లోనే వస్తాయి. ఒళ్లు అలిసిపోయి ఉంటుంది, ఫోనులో ఛార్జింగ్ అడుగంటి ఉంటుంది, రెండు చేతుల్లో సామాను, ఏ వైపు గేటు ఎటు తీసుకుపోతుందో తెలియదు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు దగ్గరకు వచ్చి "మీరు చెప్పే లాడ్జి మూసేశారు, నేను ఇంకోటి చూపిస్తాను" అంటారు.

పోయిన చలికాలంలో నకిరేకల్ నుంచి ఒక అంగన్‌వాడీ టీచర్ వచ్చింది. యాభై రెండేళ్లు. దక్షిణేశ్వర్ కాళీమాత గుడి చూడాలని ఆవిడకు ఎన్నాళ్లనుంచో కోరిక. ఇంట్లో ఎవరికీ తీరిక లేదు.

"తమ్ముడూ, అంత జనంలో తప్పిపోతే నా గతేమిటి?" అని అడిగింది.

"అక్కా, ఏటా చెరువుగట్టు జాతరకు వెళ్తారు కదా. అక్కడ ఎప్పుడైనా తప్పిపోయారా?"

"అక్కడ నాకు దారులన్నీ తెలుసు."

"అయితే మీ భయం జనం గురించి కాదు, దారి గురించి. దారి కాగితం మీద రాసుకుందాం."

ఇద్దరం కూర్చొని ఆ రెండు గంటలే రాశాం. హౌరాలో బండి ఆగగానే లేవకూడదు, తోపులాట తగ్గాక దిగాలి. ఎవరినీ అనుసరించకుండా మెట్రో బోర్డులను మాత్రమే అనుసరించాలి. హౌరా స్టేషన్ ఉన్నది హుగ్లీ నదికి పడమటి ఒడ్డున. కోల్‌కతా నగరం అవతలి ఒడ్డున. 2024 మార్చి నుంచి నది కింద సొరంగంలో మెట్రో నడుస్తోంది. హౌరాలో ఎక్కి, నగరం నడిబొడ్డున ఉన్న ఎస్‌ప్లనేడ్‌లో దిగితే చాలు. గది అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలో చూశాం. బండి ఆలస్యమై మెట్రో వేళ దాటిపోతే స్టేషన్‌లోని ప్రీపెయిడ్ టాక్సీ కౌంటర్ దగ్గరికి వెళ్లాలని రెండో దారి కూడా రాశాం. గదికి చేరాకే ఇంటికి ఫోను.

చివరగా ఒక పోస్టు కార్డు సైజు అట్ట ఇచ్చాను. ఒక వైపు లాడ్జి పేరు, చిరునామా, ఫోను నంబరు బెంగాలీ లిపిలో, మరో వైపు తెలుగులో. ఫోను ఆగిపోయినా ఆ అట్ట చూపిస్తే ఎవరైనా దారి చెబుతారు. తిరిగి వచ్చాక ఆవిడ అట్ట తెచ్చి చూపించింది. మూలలు చెమటకు మెత్తబడ్డాయి. తెలుగు వైపు మిగిలిన ఖాళీలో, వెళ్లిన ప్రతి మెట్రో స్టేషన్ పేరునూ పెన్సిల్‌తో వరసగా రాసుకుంది.

అపోహ: గుంపుగా వెళ్తేనే మంచి బెర్తులు దొరుకుతాయి.

వాస్తవం: దీనికి తలకిందులు. కింది బెర్తు కోటా 60 ఏళ్లు దాటిన పురుషులకు, 45 ఏళ్లు దాటిన మహిళలకు ఉంది. అది టికెట్ మీద ఒకరు లేదా ఇద్దరు ఉన్నప్పుడే వర్తిస్తుంది. నలుగురి పేర్లు ఒకే టికెట్‌లో పెడితే ఆ సౌకర్యం పోతుంది. దూరప్రాంత ఎక్స్‌ప్రెస్‌లలో స్లీపర్ తరగతిలో ఆరు బెర్తులు మహిళా కోటా కింద ఉంటాయి. ఒంటరిగా ప్రయాణించే మహిళకు వయసుతో పని లేకుండా వాటిలో చోటు అడగవచ్చు. బుకింగ్ చేసేటప్పుడు ఆ కోటా ఎంచుకోవాలి, దానంతట అది రాదు. దారిలో ఏ ఇబ్బంది వచ్చినా రైల్వే నంబరు 139.

అపోహ: వెయిటింగ్ లిస్టు అయినా ఎక్కితే, టికెట్లు తనిఖీ చేసే టీటీఈ ఎలాగో సర్దుతాడు. కాకపోతే తత్కాల్ ఉంది, ఏజెంటు ఉన్నాడు.

వాస్తవం: ఆన్‌లైన్‌లో తీసిన టికెట్ చార్టు (ఎవరికి ఏ బెర్తో చూపే చివరి జాబితా) తయారయ్యాక కూడా పూర్తిగా వెయిటింగ్‌లోనే ఉంటే దానంతట అదే రద్దవుతుంది, డబ్బు వెనక్కి వస్తుంది. ఆ తర్వాత మీరు ఎక్కితే టికెట్ లేని ప్రయాణికులే. కౌంటర్‌లో తీసిన వెయిటింగ్ టికెట్‌తో కూడా రిజర్వేషన్ బోగీలో ప్రయాణించకూడదు.

తత్కాల్ గురించి, ఏజెంటుగా నా నోటితోనే చెబుతున్నాను. బండి తన మొదటి స్టేషన్‌లో బయలుదేరే తేదీకి ముందు రోజు ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు తత్కాల్ తెరుస్తారు. 2025 జూలై నుంచి మొదటి అరగంట ఏజెంట్లు తత్కాల్ తీయకూడదు. రద్దీ బండ్లలో ఆ అరగంట దాటాక మిగిలేది చాలా తక్కువ. కాబట్టి "గ్యారంటీగా తీసిస్తాను" అని ఏ ఏజెంటైనా అంటే నమ్మవద్దు. రైల్వే టికెట్ల వెబ్‌సైట్‌లో మీ సొంత ఖాతాను ఆధార్‌తో ధ్రువీకరించుకొని మీరే ప్రయత్నించండి. ఇంకో సంగతి, ఖరారైన తత్కాల్ టికెట్‌ను మీరు రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు.

దీనికన్నా మేలైన దారి ముందుగా తీసుకోవడం. 2024 నవంబరు నుంచి ముందస్తు బుకింగ్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. తిరుగు టికెట్ తెరుచుకునేది మరికొన్ని రోజుల తర్వాత కాబట్టి ఆ తేదీని కూడా క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. నల్లగొండ నుంచి చోటు చూపించకపోతే సికింద్రాబాద్ నుంచి వెతకండి. మధ్య స్టేషన్లకు కేటాయించే బెర్తులు తక్కువగా ఉండవచ్చు. సికింద్రాబాద్ నుంచి టికెట్ తీసి, ఎక్కే స్టేషన్‌గా నల్లగొండ పెట్టుకోవచ్చు. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరానికి ఛార్జీ అదనంగా పడుతుంది కానీ, ఇంత దూరం ప్రయాణంలో అది పెద్ద తేడా కాదు. అలా మార్చుకున్నాక మాత్రం నల్లగొండలోనే ఎక్కాలి.

అపోహ: ఇంత దూరం వెళ్లాక మూడు రోజుల్లో అన్నీ చూసేయాలి.

వాస్తవం: నా ఖాతాదారులు చాలామంది పాతిక పేర్ల జాబితాతో వస్తారు. నేను మొదట అడిగేది ఒక్కటే: అవి ఏ రోజు మూసి ఉంటాయి?

ఈ ప్రశ్నను నాకు నేర్పింది నేను చేసిన ఒక తప్పు. చాలా ఏళ్ల కిందట ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడికి కోల్‌కతా ప్రణాళిక నేనే రాసి ఇచ్చాను. 1814లో మొదలైన ఇండియన్ మ్యూజియం చూడాలని, అక్కడి ఈజిప్టు మమ్మీ చూడాలని ఆయన ఆశ. నేను దానికి సోమవారం కేటాయించాను. సోమవారం అది సెలవు. మరుసటి రోజే ఆయన తిరుగు ప్రయాణం. గేటు దాకా వెళ్లి వచ్చేశారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

విక్టోరియా మెమోరియల్ గ్యాలరీలకూ సోమవారమే సెలవు. ముంబయిలో ఎలిఫెంటా గుహలు, ఢిల్లీలో ఎర్రకోట కూడా అంతే. ఆగ్రా తాజ్‌మహల్, మన సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం మూసి ఉంటాయి. అందుకే శని, ఆది, సోమవారాలు కలిసి వచ్చాయని సంబరపడేముందు ఈ లెక్క చూసుకోవాలి.

రెండోది, స్థలాలను పేరును బట్టి కాక దారిని బట్టి ఎంచుకోండి. కోల్‌కతాలో ఉత్తర దక్షిణాలుగా నడిచే పాత మెట్రో లైను దేశంలోనే మొదటిది, 1984లో మొదలైంది. ఆ ఒక్క లైను మీదే పైన దక్షిణేశ్వర్, మధ్యలో మ్యూజియం, విక్టోరియా మెమోరియల్, కింద కాళీఘాట్ వస్తాయి. ఎస్‌ప్లనేడ్‌లో గది తీసుకుంటే రోజుకు ఒక వైపు వెళ్లి రావచ్చు. మధ్యాహ్నం గుళ్లు మూసి ఉంటాయి కాబట్టి దక్షిణేశ్వర్‌కు పొద్దున్నే వెళ్లండి. సాయంత్రం ఏమీ పెట్టుకోవద్దు. హౌరా రేవు దగ్గర పడవ ఎక్కి నది దాటండి, తలెత్తితే 1943 నాటి హౌరా వంతెన కనిపిస్తుంది. నన్నడిగితే ఆ నగరంలో అతి తక్కువ ఖర్చుతో దొరికే గొప్ప సంతోషం అదే.

అపోహ: ఒంటరి మహిళకు గది ఇవ్వకూడదని చట్టం ఉంది.

వాస్తవం: అలాంటి చట్టమేదీ లేదు. కొన్ని లాడ్జీలు సొంత నిర్ణయంతో నిరాకరిస్తాయి. అందుకే ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేముందు ఫోను చేసి "ఒక్కదాన్నే వస్తున్నాను, ఇన్ని గంటలకు చేరతాను" అని నేరుగా చెప్పి ఒప్పించుకోవాలి. ఖరారైన రైలు టికెట్ ఉన్నవాళ్లు పెద్ద స్టేషన్లలో రైల్వే అద్దెకిచ్చే రిటైరింగ్ రూములు కూడా చూడవచ్చు.

భాష గురించి ఎక్కువ చెప్పను. అట్ట, వేళ్ల మీద అంకెలు, నవ్వు ముఖం ఉంటే మూడు రోజులు గడుస్తాయి. ఫోనులో డబ్బు ఉన్నా పది, ఇరవై, యాభై నోట్లు కొన్ని వేరే జేబులో ఉంచుకోండి.

అపోహ: తిరుగు ప్రయాణానికి ప్లాను అక్కర్లేదు, ఇంటికే కదా.

వాస్తవం: మొదటి రెండు గంటల తర్వాత జాగ్రత్తగా రాసుకోవాల్సింది చివరి మూడు గంటలే. గది ఖాళీ చేశాక బండి దాకా సమయం ఉంటే సామాను స్టేషన్ క్లోక్ రూములో పెట్టవచ్చు. తాళం లేని సంచిని తీసుకోరు, కాబట్టి ఇంటి దగ్గరే చిన్న తాళం కొనుక్కోండి. అర్ధరాత్రి దాటాక బయలుదేరే బండి అయితే తేదీ రెండుసార్లు చూడండి. 14వ తేదీ 00:20 అని టికెట్ మీద ఉంటే, 13వ తేదీ రాత్రి భోజనం చేసి స్టేషన్‌కు వెళ్లాలి. 14 రాత్రి వెళ్తే బండి వెళ్లిపోయి ఒక రోజు అవుతుంది. నల్లగొండలో బండి ఆగేది ఒకటి రెండు నిమిషాలే. మిర్యాలగూడ దాటగానే చెప్పులు వేసుకొని, సంచి భుజాన తగిలించుకొని తలుపు దగ్గరికి రండి.