111 అంటే నెట్ పోయినట్టు కాదు

మా మేనల్లుడు తిరుపతిలో బీటెక్ చదువుతున్నాడు. మొన్న కొర్లగుంటలో వాడి రూముకి వెళ్తే ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. "ఏంది మామా ఇది, పొద్దున్నించీ ఇదే గోల. నెట్ పోయినట్టుంది" అన్నాడు. తెర మీద 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని ఉంది, పక్కనే 111 అనే ఎర్రర్ కోడ్. నెట్ పోయుంటే ఆ మాట రాదురా అన్నాను. వాడు నమ్మలేదు.

పార్సిల్ ఇవ్వడానికి వెళ్లిన కుర్రాడు ఇవ్వకుండానే తిరిగొచ్చాడనుకోండి. ఇంటావిడ తలుపు తీసి "మాకొద్దు" అని ఉండొచ్చు. ఎంత పిలిచినా ఎవరూ పలక్కపోయి ఉండొచ్చు. వానకి రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలిచి ఆ వీధికే పోలేకపోయి ఉండొచ్చు. వాడు మూడింటికీ కలిపి 'ఇవ్వలేదు' అని రాసేస్తే, రేపు మళ్లీ పంపాలో, అడ్రసు సరిచూసుకోవాలో ఆఫీసులో ఉన్నాయనకి ఎలా తెలుస్తుంది?

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో 111 మొదటి రకం. మనం పంపిన పలకరింపు ప్యాకెట్ అవతలి మిషన్ దాకా వెళ్లింది. ఆ పోర్టు (ఒక్కో సేవకు ఉండే తలుపు నంబరు) దగ్గర వినే ప్రోగ్రాము లేకపోవడంతో అక్కడి కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) వెంటనే 'రీసెట్' ప్యాకెట్ తిప్పి పంపింది. దారి బాగానే ఉంది, మిషన్ కూడా బతికే ఉంది. మావాడు డేటాబేస్ సర్వర్ స్టార్ట్ చేయడం మర్చిపోయాడు, అంతే.

ఎవరూ పలక్కపోతే వచ్చేది 110, టైమవుట్. ఇది ఓపికకు పరీక్ష. జవాబు లేకపోతే లినక్స్ అదే ప్యాకెట్‌ను 1 సెకను, 2, 4, 8 అంటూ ఎడం రెట్టింపు చేస్తూ ఆరుసార్లు మళ్లీ పంపుతుంది. చివరి 64 సెకన్లు కూడా కలిపితే 127 సెకన్లు. చాలాకాలం మామూలు లెక్క ఇదే. ఫైర్‌వాల్ (ప్యాకెట్లకు కాపలా కాసేది) వాటిని చప్పుడు లేకుండా పారేసినా మనకు కనిపించేది ఈ మౌనమే.

113 కొంచెం మోసకారి. 'నో రూట్ టు హోస్ట్' అంటుంది గానీ, ఒక్కోసారి దారి భేషుగ్గా ఉంటుంది. మన లోకల్ నెట్‌వర్క్‌లోనే ఉన్న మిషన్ ఆఫ్‌లో ఉండి, "ఈ ఐపీ అడ్రసు ఎవరిది?" అన్న కేకకు బదులివ్వకపోయినా అదే వస్తుంది. కొన్ని ఫైర్‌వాల్స్ 'ఇక్కడికి రానివ్వం' అని పంపే సందేశాన్ని కూడా లినక్స్ 113గానే మార్చి చెబుతుంది. పేరు చూసి రూటింగ్ టేబుల్ (ఏ అడ్రసుకు ఏ దారో రాసుండే పట్టిక) తవ్వుకుంటూ సగం రోజు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

అన్నట్టు, ఈ అంకెలు అన్నిచోట్లా ఒకటి కావు. 1983లో 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ రకంతో సాకెట్లు (ప్రోగ్రాములు నెట్‌వర్క్‌తో మాట్లాడే కిటికీలు) వచ్చాయి. ఆ వంశానికి చెందిన మ్యాక్‌లో కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటే 61. అందుకే ప్రోగ్రామర్లు అంకె కాకుండా పేరు (దీనికైతే ECONNREFUSED) రాస్తారు.

మనిషికి అర్థం కాకపోతే విసుక్కుని ఊరుకుంటాడు. కానీ ఈ కోడ్లను ముందుగా చదివేది ప్రోగ్రాములు. 11 వస్తే 'ఇప్పుడు కాదు, కాసేపాగి రా' అని అర్థం చేసుకుని మళ్లీ అడుగుతాయి. కెర్నల్‌లో ఐపీవీ6 (కొత్త రకం ఐపీ అడ్రసులు; పాతవి ఐపీవీ4) లేకపోతే సాకెట్ అడగ్గానే 97 వస్తుంది, 'ఈ రకం అడ్రసులు నాకు రావు' అని. ఆ మాట పట్టుకునే చాలా ప్రోగ్రాములు చడీచప్పుడు కాకుండా ఐపీవీ4కి మారిపోతాయి. అక్కడ 97కి బదులు 22 ఇచ్చుంటే? 22 అంటే 'నువ్విచ్చిన వివరం తప్పు' అని. పాపం ప్రోగ్రాము తప్పు తనదే అనుకుని ఆగిపోతుంది.

కెర్నల్ రాసేవాళ్లకు బాగా అలవాటైపోయిన అంకె ఈ 22. ఏం ఇవ్వాలో తోచకపోతే ఇది ఇచ్చేస్తారు. నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఈ జబ్బు ముదిరింది. ఒక రూట్ (ప్యాకెట్లు వెళ్లాల్సిన దారి) చేర్చమని ఆదేశమిస్తే అందులో పది వివరాలుంటాయి. వాటిలో చాలావాటికి, ఏది తప్పినా అప్పట్లో 'ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్' ఒక్కటే జవాబు. ఏ వివరం నచ్చలేదో కెర్నల్‌కు ఆ క్షణంలో తెలుసు. ఒక్క అంకెలోకి కుదించేసరికి అది కాస్తా పోతుంది, తర్వాత ఎవరూ తిరిగి రాబట్టలేరు. 2017లో లినక్స్ 4.12తో దీనికి మందు దొరికింది: అంకెతో పాటు ఒక వాక్యం కూడా పంపే వీలు. 'నెక్స్ట్‌హాప్ హ్యాజ్ ఇన్‌వాలిడ్ గేట్‌వే' అని కనిపిస్తే గేట్‌వే అడ్రసు చూసుకుంటాం, టెన్షన్ ఉండదు.

ఇంకో చిక్కు 524. కెర్నల్ తనలో తాను మాట్లాడుకోవడానికి పెట్టుకున్న అంకె ఇది, 'ఈ పని నాకు చేతకాదు' అని. బయటి ప్రోగ్రాములకు అదే మాట చెప్పాలంటే 95 వాడాలి. రెండు పేర్లకూ (ENOTSUPP, EOPNOTSUPP) తేడా రెండక్షరాలే కావడంతో డ్రైవర్లు (పరికరాలను నడిపే కోడ్) రాసేవాళ్లు పొరబడుతుంటారు. అప్పుడు వాడేవాళ్ల తెర మీద 'అన్‌నోన్ ఎర్రర్ 524' అని పడుతుంది. బయటి ప్రోగ్రాముల కోసం ఉన్న పట్టికలో వెతికితే దొరకదు. కొత్త కోడ్‌ను జల్లెడ పట్టే చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్టు ఇప్పుడు ఆ పేరు కనబడగానే 'ఇది కాదు, రెండోది వాడు' అని హెచ్చరిస్తుంది. పాత డ్రైవర్లలో ఒకసారి బయటకు వెళ్లిన అంకెను మాత్రం ఊరికే మార్చేయలేరు. దాన్ని నమ్ముకున్న ప్రోగ్రాము ఎక్కడో ఒకటి ఉండే ఉంటుందని భయం.